విరగదన్న మాట

వదిన ఎదురుగా కూర్చోవడం ఆమెకు ఈ మధ్య కష్టంగా ఉంది. కూర్చోకుండా తప్పించుకోవడం ఇంకా కష్టం. ముందుగదిలో సోఫాకీ గోడకీ మధ్య ఉన్న సందులోంచి తప్ప వంటింట్లోకి దారి లేదు. ఆ సందులోకే వదిన కుర్చీ వచ్చి చేరింది. కుర్చీ ముందు ముక్కాలి పీట, పీట మీద దిండు, దిండు మీద వదిన కుడికాలు. మంచినీళ్ళు కావాలన్నా, పెరటి తలుపు వెయ్యాలన్నా ఆ కాలిని దాటుకునే వెళ్ళాలి. దాటబోయిన ప్రతిసారీ వదిన తలెత్తి ఒకే మాట అడిగేది.

"ఏమంటావు ఇంజనీరమ్మా, విరగదుగా?"

"జాగ్రత్తగా ఉంటే ఏం కాదు వదినా."

"నేనడిగింది అది కాదు."

"తెలుసు."

"తెలిస్తే చెప్పు. విరగదు. నాలుగక్షరాలు. నీ నాలుక్కేం రోగం?"

ఆమె నవ్వేది. నవ్వుతూనే కాలిని దాటి, వంటింట్లోకి వెళ్ళి, ఎందుకొచ్చిందో మరిచిపోయి, గట్టుకి ఆనుకుని నిలబడేది. మళ్ళీ బయటికి రావాలంటే అదే కాలు, అదే మాట.

స్కూటరు మీంచి పడినప్పుడు వదిన మోకాలి కింద ఎముక నుజ్జయింది. నుజ్జయిన చోట చీము పట్టింది. చెడిందంతా డాక్టరు కోసి తీసేశాక ఎముక మధ్యలో బొటనవేలంత ఖాళీ మిగిలింది. ఇప్పుడా ఖాళీలో తెల్లటి సిరామిక్ ముక్క ఒకటి ఉంది. అది కదలకుండా పక్కన స్టీలు ప్లేటు. ముక్కకు రూపం గీసింది ఆమే. ఎముక పోయిన చోట పెట్టే ముక్కలు గియ్యడమే ఆమె ఉద్యోగం. ఆపరేషన్ అయిన కొత్తల్లో వదిన పరామర్శకొచ్చిన వాళ్ళందరికీ చెప్పి నవ్వించింది: "ఆడపడుచు పొడుస్తుందంటే మాటలతోనేమో అనుకున్నానమ్మా. మా ఆడపడుచు ఏకంగా ఎముకలోకే దిగింది."

ముక్క లోపలంతా తేనెపట్టులా గదులుంటాయి, గదికీ గదికీ మధ్య కిటికీలుంటాయి. కిటికీ పెద్దదైతే రక్తనాళం దూరుతుంది, నాళం వెనకే ఎముక వస్తుంది. కానీ కిటికీ పెద్దదైతే గోడ సన్నబడుతుంది. గోడ మందంగా ఉంచితే ముక్క బలంగా ఉంటుంది గానీ, ఎముక గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. ఆమె చదివిన చదువంతా చివరికి ఈ బేరమే. రోజంతా తెర ముందు కూర్చుని గోడల దగ్గర కొంత తగ్గించి కిటికీలకిస్తుంది, కిటికీల దగ్గర లాక్కుని గోడలకిస్తుంది.

ఎముకకి ఒక మొండి గుణం ఉంది. బరువు పడితేనే పెరుగుతుంది. పాదం నేలకు మోపి, కొద్దికొద్దిగా భారం వేస్తూ ఉంటే, ఇక్కడేదో పని ఉందని తెలిసి ముక్క గదుల్లోకి పాకుతుంది. కాలు పీట మీద పెట్టుకు కూర్చుంటే అక్కడికెందుకని ఊరుకుంటుంది. అప్పుడా ముక్క ఎన్నాళ్ళయినా ఒట్టి పింగాణీయే. స్టీలు ప్లేటు కొన్నాళ్ళు మోస్తుంది, తర్వాత అదీ అలిసిపోతుంది, ఆ తర్వాత అన్నీ విరుగుతాయి. విరుగుతుందేమోనని కాలు దించకపోవడమే దాన్ని ఖాయంగా విరగ్గొట్టే పద్ధతి. ఇదంతా వదినకు బొమ్మ గీసి చెప్పింది. వదిన శ్రద్ధగా విని, బొమ్మ తిరగేసి చూసి, "బాగా గీశావు. మరైతే విరగదుగా?" అంది.

విరగదని చెబితే వదిన కాలు దించుతుంది. దించితే ఎముక వస్తుంది. వస్తే విరగదు. మాట నిజం కావాలంటే ముందు అబద్ధంగా పుట్టాలి.

డాక్టరు చివరిసారి ఎక్స్‌రే ఫొటో చూసి పెదవి విరిచాడు. కిటికీలు ఎక్కడివక్కడ నల్లగా, ఖాళీగా, గీసినంత శుభ్రంగా కనిపిస్తున్నాయి. "వచ్చే ఎక్స్‌రేలో కూడా ఇలాగే ఉంటే ముక్క తీసెయ్యాల్సిందే. తీస్తే మళ్ళీ ఇంకోటి నిలబెట్టడానికి అక్కడ ఎముక మిగలదు. అప్పుడు..." అని ఆగి, పెన్ను మూతతో తన ప్యాంటు మీద, మోకాలికి కొంచెం కింద, అడ్డంగా ఒక గీత గీశాడు. అన్నయ్యకు ఆ గీత అర్థం బయట కారు తలుపు తీస్తున్నప్పుడు తెలిసింది. తలుపు తీసి, మళ్ళీ వేసి, మళ్ళీ తీశాడు.

వదినకు వీధి చివర జుట్టు కత్తిరించే షాపుంది. రోజంతా నిలబడి చేసే పని. ఆ షట్టరు దించి చాలా కాలమైంది.

*

"ఒక్క అబద్ధం, చిన్నీ. దేవుడు కూడా పట్టించుకోడు" అన్నాడు అన్నయ్య. గిన్నెలు తోముతున్నాడు. ఈ మధ్య వంటింటి పనంతా తనే చేస్తున్నాడు. చేసినంత సేపూ నీళ్ళ చప్పుడు చాటున మాట్లాడతాడు. "నువ్వు చిన్నప్పుడు జ్వరమని చెప్పి ఎన్నిసార్లు బడి ఎగ్గొట్టలేదు? ధర్మామీటరు దీపం దగ్గర పెట్టిన దానివి!"

"అది వేరు."

"ఏం వేరు? అప్పుడు నటించావు, ఇప్పుడూ నటించు. మీ వదిన నా మాట నమ్మదు, డాక్టరు మాట నమ్మదు. ఆయన బిల్లు కోసం చెబుతాడంటుంది. నీ మాట నమ్ముతుంది. ఎందుకంటే నువ్వు ఎప్పుడూ ఏదీ గట్టిగా చెప్పవు. వాన పడుతుందా అంటే కూడా పడొచ్చు అంటావు, తడుస్తూ!"

ఆమెకు నవ్వొచ్చింది. కానీ అన్నయ్య నవ్వించడానికి చెప్పలేదు.

మర్నాడు పొద్దున కాఫీ కప్పు అందిస్తూ, వదిన అడక్కముందే, అద్దం ముందు సాధన చేసిన మొహంతో చెప్పేసింది. "వదినా, అది విరగదు." వదిన కప్పు పట్టుకున్న చెయ్యి ఆగింది. కళ్ళలో ఏదో మెల్లగా విచ్చుకుంది. ఆ విచ్చుకోవడం చూడలేక ఆమె నోరు దానంతటదే మరో మాట కలిపింది. "సాధారణంగా."

గుమ్మంలో అన్నయ్య నెత్తి కొట్టుకున్నాడు. వదిన కాఫీ తాగి, కప్పు తిరిగి ఇచ్చి, "చక్కెర వెయ్యలేదే. సాధారణంగా వేస్తావు కదా" అంది.

ఎందుకు చెప్పలేకపోతోందో ఆమె తనలో తాను చాలాసార్లు తవ్వుకుంది. నిజాయితీ అని సరిపెట్టుకోవడానికి లేదు. ఆఫీసులో, బంధువుల దగ్గర, ఫోన్లలో ఆమె అవలీలగా అబద్ధాలాడుతుంది. ఈ ఒక్క మాటే ఆడలేకపోతోంది. ఇనుము విరగబోయే ముందు వంగుతుంది, చెక్క మూలుగుతుంది. సిరామిక్ చివరి క్షణం దాకా ఏమీ కానట్టే ఉంటుంది. ఒకే పొడి, ఒకే బట్టీ, ఒకే మంట. అయినా ఏ రెండు ముక్కలూ ఒకే బరువుకి విరగవు. ఒక్కో దాని లోపల ఒక్కో చోట కంటికి కనిపించని నలుసు ఉంటుంది, అది ఎక్కడుందో విరిగాకే తెలుస్తుంది. అందుకే ప్రతి రోగి ముక్కతో పాటు అదే బట్టీలో దానికి తోబుట్టువుల్ని కాలుస్తారు. తోబుట్టువుల్ని మిషన్లో పెట్టి నలగ్గొడతారు. అవి నిలబెట్టుకున్న పరువును బట్టి, మిగిలిన ఒక్కదాన్ని మనిషిలో పెడతారు. లోపలికి వెళ్ళే ముక్క మాత్రం ఎన్నడూ పరీక్షకు నిలవనిదే. పరీక్షంటే విరగ్గొట్టడమే కనక.

ఇంకొకటి కూడా ఉంది. వదిన ముక్క గీస్తున్నప్పుడు ఆమె పై అధికారి తెర మీదికి వంగి, "గోడలు సన్నగా పెట్టావు. సొంత వదినంటున్నావు కదా, ఇంకొంచెం మందం వెయ్యి" అన్నాడు. "సొంత వదిన కాబట్టే వెయ్యను" అంది ఆమె. ఆ క్షణాన ఆ జవాబు తనకే ముచ్చటగా తోచింది. వదినలో ఉండేది చచ్చిన రాయిలా ఉండకూడదు, అందులోకి వదిన పెరగాలి, అనుకుంది. ఇప్పుడు ఆ మాట స్నానాల గదిలో తలుపేసుకున్నా వెంట వస్తోంది. అది వదిన కోసమేనా? తను గీసిన వాటిలో అన్నిటికన్నా అందమైనది ప్రాణం పోసుకోవడం చూడాలన్న ఆశ కాదా? ఈ రెండిట్లో ఏదో ఒకటని తేల్చుకుంటే కాస్త ఊపిరి ఆడేది. అవి ఒకదాన్లోకి ఒకటి పెరిగిపోయాయి. విడదీయబోతే రెండూ ఊడి వచ్చేలా ఉన్నాయి.

*

తోబుట్టువుల్లో ఒకటి ఇంకా మిగిలి ఉంది. రోగి నడిచేదాకా ఒకదాన్ని విరగ్గొట్టకుండా అట్టే పెట్టడం వాళ్ళ దగ్గర ఆనవాయితీ. ఆ ముక్క గుర్తొచ్చిన పొద్దున ఆమెకు నిజంగానే దారి దొరికినట్టనిపించింది. మాట నోట్లోంచి రాకపోతేనేం, కళ్ళతో చూపిస్తే సరి. అధికారి దగ్గర అనుమతి తీసుకుంది. అన్నయ్య కారు తెచ్చాడు. వదినను చక్రాల కుర్చీలో పరీక్ష గదికి తీసుకెళ్ళారు.

పరీక్ష గదిలో మిషను నడిపే అతన్ని అందరూ ఠప్పు అంటారు. అసలు పేరు జీతాలిచ్చే వాళ్ళకు మాత్రమే తెలుసు. "రండి రండి, మీరేనా మా ముక్కకి ఇల్లిచ్చినావిడ?" అని వదినకు కుర్చీ తిప్పి, గాజు పలక ముందు మంచి చోటు చూపించాడు. వదినకు అతను నచ్చాడు.

"మీ జుట్టు ఎవరు కత్తిరిస్తారు?" అంది.

"మా ఆవిడ."

"మీ మీద కోపంగా ఉందా?"

ఠప్పు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఇన్ని వారాల్లో వదిన గొంతులో పాత కులాసా వినడం ఆమెకు అదే మొదలు. అంతా బాగా జరుగుతుందని ఆమెకు గట్టి నమ్మకం కలిగింది.

గాజు పలక వెనక రెండు ఉక్కు దిమ్మెల మధ్య చిన్న తెల్ల ముక్క. పై దిమ్మె కంటికి తెలియనంత మెల్లగా దిగుతోంది. పక్క తెర మీద గీత ఒకటి పైకి పాకుతోంది.

"ఇప్పుడు దాని మీద నువ్వు నిలబడ్డావు వదినా. మొత్తం నువ్వే, ఒంటికాలి మీద" అంది ఆమె.

"ఏమీ కాలేదే!"

"చూస్తూ ఉండు. ఇప్పుడు ఇద్దరు నువ్వులు."

"ఇద్దరు నేనులా? మీ అన్నయ్య ఒక్కదానితోనే వేగలేకపోతున్నాడు."

గీత ఎక్కుతోంది. ముగ్గురు వదినలు. వదిన కుర్చీలో ముందుకు జరిగింది. చేతులు గాజు మీద పెట్టింది. ముఖంలో, ఆ పొద్దున కాఫీ కప్పు దగ్గర విచ్చుకోబోయి ముడుచుకున్నదేదో మళ్ళీ విచ్చుకుంటోంది. "చాల్లే, ఆపెయ్యండి. చూశానుగా" అంది.

"ఆగు వదినా, ఇంకా మోస్తుంది చూడు!"

ఆపొచ్చన్న సంగతే ఆమెకు తోచలేదు. ఠప్పుకూ తోచలేదు. ఆ గదిలో ఇంతవరకు ఎవరూ మిషన్ని సగంలో ఆపి ఎరగరు. విరగని ముక్క వాళ్ళకు ఇంకా ఏమీ చెప్పని ముక్క. అది ఎంత దాకా మోసిందో చెప్పేది విరిగిన ఆ చప్పుడే. నలుగురు వదినలు. గీత ఇంకా నిటారుగా ఉంది. ఆమె అరచేతులు సంతోషంతో చెమర్చాయి.

పేలినట్టు చప్పుడైంది.

"అబ్బా, బ్రహ్మాండం!" అన్నాడు ఠప్పు. "ఇంతవరకూ ఇదే ఎక్కువ!" ఆమె కూడా చప్పట్లు కొట్టి, నవ్వుతూ వెనక్కి తిరిగింది.

వదిన రెండు చేతులతో తన కాలిని పట్టుకుని ఉంది. మోకాలి కింద, కట్టు మీద, వేళ్ళు తెల్లబడేంత గట్టిగా. చూపు గాజు వెనకే ఉంది. అక్కడ దిమ్మెల మధ్య పిడికెడు తెల్లటి పొడి, నాలుగు పెంకులు.

"విరిగింది" అంది వదిన.

"నీకు నాలుగింతల బరువుకి వదినా! నాలుగింతలు! నువ్వు జన్మలో అంత..."

"విరిగింది కదే."

ఠప్పు నవ్వు ముఖం మీద అలాగే ఉండిపోయింది. పొడి తుడవడానికి చేతిలోకి తీసుకున్న బ్రష్షును మెల్లగా వీపు వెనక్కి పెట్టుకున్నాడు.

*

తర్వాత వదిన ఆ ప్రశ్న అడగడం మానేసింది.

ఆమె కాలిని దాటి వెళ్ళేది, దాటి వచ్చేది. వదిన కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. ఇదివరకు కనీసం మంచం దిగేటప్పుడు మడమ నేలకు తగిలించేది; ఇప్పుడదీ లేదు. కాలి చుట్టూ దుప్పటి చుట్టి, దాని మీద ఇంకో దిండు పెట్టుకుంది. బల్ల మీద గ్లాసు పెట్టిన చప్పుడుకి ఉలిక్కిపడేది. ఇంట్లో అందరూ వస్తువుల్ని మెల్లగా దించడం నేర్చుకున్నారు. తలుపులు మెల్లగా వేశారు. మాటలు కూడా మెల్లగా, ముందు అడుగు ఆనించి చూసి, అప్పుడు వదిలేవారు.

"ఆపమంటే ఆపొచ్చుగా" అన్నాడు అన్నయ్య ఒకసారి, కొళాయి తిప్పకుండానే.

"తోచలేదన్నయ్యా."

"తోచలేదు" అన్నాడతను, ఆ మాటను కొత్త భాషలోది నేర్చుకుంటున్నట్టు.

ఆమె ఆఫీసులో పొద్దుపోయేదాకా ఉండిపోవచ్చు. ఉండబోయింది కూడా. కానీ అక్కడ తెర నిండా కిటికీలూ గోడలే. గోడ మందం మార్చబోతే వేలు ఆగిపోయేది. ఇంట్లో కాలు, ఇక్కడ కాలి లోపలిది. బస్సులో ఉన్నంతసేపే రెండిట్లోనూ లేకుండా ఉండేది. బస్సు దిగాల్సిన చోట దిగకుండా ఒక స్టాపు ముందుకెళ్ళి వెనక్కి నడిచేది. ఆ నడకలో అందరి కాళ్ళకేసే చూసేది. ఎంత నిర్లక్ష్యంగా వేస్తారు అడుగులు!

ఎక్స్‌రేకి వెళ్ళాల్సిన రోజు దగ్గరపడింది. ఒక ఆదివారం పొద్దున ఆమె బరువు తూచే మిషను తెచ్చి వదిన కుర్చీ ముందు నేల మీద పెట్టింది. తను గచ్చు మీద చతికిలబడి కూర్చుంది.

"దీని మీద పాదం ఊరికే ఆనించు. ముల్లు కదిలితే చాలు."

"తీసెయ్ దాన్ని."

"వదినా, ప్లీజ్."

"అది నాకేం చెబుతుంది? అంకె చెబుతుంది. మీ గదిలోనూ అంకెలే చూపించావు. అంకెలు బాగానే ఉన్నాయి, ముక్కే లేదు." చాలా రోజుల తర్వాత వదిన గొంతు లేచింది. "నువ్వు నమ్ముతున్నావా దాన్ని? నీ గుండె మీద చెయ్యేసుకుని చెప్పు."

"నమ్ముతున్నాను."

"గుండె మీద వద్దులే. ఆ చెయ్యి నా పాదం కింద పెట్టు. విరిగితే నీ చేతిలోనే విరగాలి. అప్పుడు తెలుస్తుంది నీ నమ్మకమెంతో!"

కసితో అన్న మాట అది. అన్నాక వదినే మొహం తిప్పుకుంది. ఆమె మిషన్ని పక్కకు నెట్టి, కుడిచెయ్యి గచ్చు మీద వెల్లకిలా పెట్టింది.

గచ్చు చల్లగా ఉంది. వదిన చాలాసేపు ఆ చేతిని చూసింది. తర్వాత దిండ్లు తీసి, దుప్పటి విప్పి, రెండు చేతులతో తొడ పట్టుకుని కాలిని పీట మీంచి దించింది. పాదం వచ్చి అరచేతిలో ఆనింది. వాడక లేక చర్మం పసిపిల్ల పాదంలా మెత్తబడి ఉంది. ఆ పాదం వణుకుతోంది. లేక వణికేది తన చెయ్యేనా?

"ఉందా?" అంది వదిన.

"ఆనింది. బరువు లేదు."

"ఇప్పుడు?"

"కొంచెం."

"నొప్పా?"

"లేదు."

"నీ మొహం చూస్తే తెలుస్తుంది నాకు. అబద్ధమాడకు." వదిన ఆమె ముఖం మీంచి కళ్ళు తిప్పలేదు. "ఇప్పుడు?"

వేళ్ళ కణుపులు గచ్చుకు నొక్కుకున్నాయి. ఉంగరం చర్మంలోకి దిగింది. "కొంచెం నొప్పి" అంది ఆమె.

"అంటే వేశానన్నమాట" అంది వదిన ఆశ్చర్యంగా. కాలు తియ్యలేదు.

*

ఆ రోజు నుంచి పొద్దున ఆఫీసుకు వెళ్ళే ముందు ఒకసారి, వచ్చాక ఒకసారి. ఉంగరం తీసేసింది. చెయ్యి వాచేది. ఆఫీసులో మౌసు ఎడమచేతికి మార్చుకుంది. గోడలు వంకరగా వచ్చి, మళ్ళీ సరిచేసుకునేది. వదిన బరువు వెయ్యడంలో రోజురోజుకీ నేర్పరి అయింది. ఆమె కనుబొమ ముడతను బట్టి ఎంత పడిందో చెప్పేది. "నిన్నటికన్నా ఎక్కువే. నిన్న నువ్వు పెదవి కొరకలేదు."

అన్నయ్య తన చెయ్యి పెడతానన్నాడు. "మీరు గీశారా దాన్ని? మీ చెయ్యి నాకేం చెబుతుంది?" అంది వదిన. ఆ మాటలో తన పట్ల ఉన్నది ప్రేమో శిక్షో ఆమెకు అంతుపట్టలేదు. అడిగితే వదినకూ తెలిసి ఉండదు. వేరే ఊళ్ళో ఆమె డిజైను గురించే ఏదో సమావేశం జరుగుతోందని, వెళ్ళి మాట్లాడి రమ్మని అధికారి అన్నాడు. వీలుకాదంది. కారణం చెప్పలేకపోయింది. మా వదిన పాదం కింద చెయ్యి పెట్టాలండీ అని ఎవరితో అంటుంది?

ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఫొటోను దీపానికి ఎత్తి పట్టుకుని, దించి, మళ్ళీ ఎత్తాడు. ముక్క అంచుల్లో కిటికీలు మసకబారాయి. నల్లటి గళ్ళలోకి ఎవరో ఊపిరి ఊదినట్టు తెల్లటి పొగ. "వస్తోంది" అన్నాడాయన. "ఏం చేశారో గానీ, అదే చెయ్యండి." తర్వాత కొన్ని వారాలకు ఇంకో ఫొటోలో పొగ నడిమి దాకా పాకింది. అన్నయ్య ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. వదిన అతని తల నిమిరి, "ఏమండీ, జుట్టు ఎంత పెరిగిందో చూసుకున్నారా? అడవి మనిషిలా ఉన్నారు" అంది.

"ఇక పూర్తి బరువు వెయ్యొచ్చు. నడిపించండి" అన్నాడు డాక్టరు.

మర్నాడు పొద్దున వదిన కుర్చీ వీపు పట్టుకుని లేచి నిలబడింది. ఎడమకాలి మీద. ఆమె అలవాటుగా గచ్చు మీద కూర్చుని చెయ్యి పెట్టింది. కుడిపాదం వచ్చి అరచేతిలో ఆనింది. ఇప్పుడా పాదానికి నెత్తురుంది, వెచ్చదనముంది, మడమ దగ్గర కొంచెం గరుకు కూడా తేలింది.

"ఇక తియ్యి" అంది వదిన. "మొత్తం వేస్తున్నాను."

ఆమె తియ్యలేదు.

"ఏమే, వినిపించలేదా? వేళ్ళు పచ్చడవుతాయి. తియ్యి."

తియ్యాలనే ఉంది. భుజానికి చెప్పింది, మోచేతికి చెప్పింది. చెయ్యి మాత్రం గచ్చుకు అతుక్కుపోయినట్టే ఉంది. ఇన్నాళ్ళూ లోపలి ముక్క మీద పడుతున్న ప్రతి చిన్న భారమూ ముందు తన వేళ్ళకు తెలిసేది. విరగ్గొట్టకుండా చేసిన పరీక్ష ఆమె జీవితంలో ఇదొక్కటే. చెయ్యి తీసేస్తే, ఆ ముక్క గచ్చు మీదికి, మెట్ల మీదికి, వీధిలోకి, వానలోకి వెళ్ళిపోతుంది. ఎవరి వేళ్ళూ లేని చోటికి. ఫొటోలోని తెల్లటి పొగ ఆమె కళ్ళకు కనిపించింది, అది ఎముకేనని తెలుసు, డాక్టరుకన్నా బాగా తెలుసు. తెలిసినా చెయ్యి కదల్లేదు.

ఇన్నాళ్ళూ భయం ఈ కుర్చీలో కూర్చుని ఉందనుకుంది. భయానికి తను కింద నుంచి ఆసరా ఇస్తున్నాననుకుంది.

వదిన పైనుంచి చూస్తోంది. తిట్టలేదు. పాదాన్ని అరచేతిలోంచి మెల్లగా ఎత్తి, పక్కకు జరిపి, ఒట్టి గచ్చు మీద పెట్టింది. కుర్చీని వదిలేసింది. ఎడమకాలు లేపింది.

నిలబడింది.

ఏమీ జరగలేదు. బయట ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది దగ్గుతోంది. వదిన కిటికీ దాకా నడిచింది, కుంటుతూ, గోడ తాకకుండా. అక్కడ తెర సర్దింది. వెనక్కి తిరిగి వచ్చింది. వంటింట్లోంచి అన్నయ్య తడి చేతులతో గుమ్మం దాకా వచ్చి, లోపలికి రావడానికి ధైర్యం చాలక అక్కడే ఆగిపోయాడు.

ఆమె ఇంకా గచ్చు మీదే ఉంది. చెయ్యి వెల్లకిలా ఉంది, ఖాళీగా.

"లే" అంది వదిన, చెయ్యి చాచి.

ఆమె ఆ చెయ్యి అందుకుంది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి. వదిన లాగింది. తన బరువు వదిన చేతిలోంచి భుజానికి, భుజం నుంచి నడుముకి, నడుము నుంచి ఆ కాలిలోకి దిగుతుందని ఒంట్లో ఎక్కడో లెక్క తేలిపోయింది. ఎడమ అరచెయ్యి నేలకు అదిమి, మోకాళ్ళు బిగించి, తనంతట తనే లేచింది. కుడిచెయ్యి వదిన చేతిలో ఊరికే ఉంది. చూసేవాళ్ళకి వదినే లేపినట్టుంది. లేచి నవ్వింది కూడా.

వదిన చెయ్యి వదల్లేదు.

"బరువు వెయ్యలేదు నువ్వు" అంది.

"వేశాను వదినా."

"నాకు తెలియదా? కూర్చో. మళ్ళీ లే. ఈసారి సరిగ్గా."

ఆమె అన్నయ్యకేసి చూసింది. అన్నయ్య కళ్ళు దించుకున్నాడు. తప్పించుకుని వంటింట్లోకి వెళ్దామన్నా, ఆ సందులో వదిన నిలబడి ఉంది.

ఆమె మళ్ళీ గచ్చు మీద కూర్చుంది. వదిన చెయ్యి ముఖం ముందుకు వచ్చింది.